కట్టని భవనానికి నెలనెలా అద్దెలా?

‘20 లక్షలు కట్టండి, వచ్చే నెల నుంచే 20 వేల అద్దె అందుకోండి.’ హైదరాబాద్ చుట్టుపక్కల కమర్షియల్ స్పేస్ పేరుతో ఈ మాట చెప్పి రిటైరైనవాళ్ల గ్రాట్యుటీ సొమ్ము, విదేశాల్లోని పిల్లలు పంపిన సొమ్ము లాగేస్తున్నారు. చెక్కు రాసే ముందు ఆగండి.

ఆ స్థలంలో ఇంకా పునాది గుంత కూడా తవ్వలేదు. అద్దెకుండేవాడే లేనప్పుడు అద్దె ఎక్కడిది? మీ డబ్బులోంచీ, మీ తర్వాత చేరినవాళ్ల డబ్బులోంచీ తీసి మీకిస్తున్నారు. రెండేళ్లు ఇచ్చినా అయ్యేది 4.80 లక్షలు, 15.20 లక్షలు బిల్డరు దగ్గరే ఉంటాయి. కొత్తగా డబ్బు కట్టేవాళ్లు తగ్గిన నెల చెల్లింపులు నిలిచిపోతాయి. పెద్ద కంపెనీలు అద్దెకున్న, పూర్తయిన ఆఫీసు భవనాలకే ఏడాదికి సాధారణంగా 7 నుంచి 9 శాతం వస్తుంటే, లేచి నిలబడని భవనం 12 శాతం ఎలా ఇస్తుంది?

చేతికిచ్చే కాగితం చదవండి. చాలాసార్లు అది స్టాంపు పేపరు మీద రాసిన ఎంఓయూ (అవగాహన ఒప్పందం). అంతస్తు, యూనిట్ నంబరు, హద్దులు ఏవీ ఉండవు. ‘200 చదరపు అడుగులు’ అని మాత్రం ఉంటుంది. రేపు భవనం లేచినా అవి ఏ గోడల మధ్య ఉన్నాయో మీకు తెలియదు. తాళం వేసుకోలేరు, సొంతంగా అద్దెకిచ్చుకోలేరు. యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేయిస్తామన్నా సంబరపడొద్దు. అది నేలలో విడదీయని వాటాయే, మీ ఆఫీసు కాదు.

500 చదరపు మీటర్లు మించిన స్థలంలో, ఎనిమిదికి పైగా యూనిట్లతో కట్టే ప్రాజెక్టుకు, అవి దుకాణాలైనా ఆఫీసులైనా సరే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 2016 నాటి రెరా చట్టం చెప్పేది ఇదే. సేల్ అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతం మించి పుచ్చుకోకూడదు. కొనేవాళ్ల సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి. ‘ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం ఒకేసారి కడితే సగం ధరే’ అన్న చోట ఈ రక్షణలేవీ మీకు దక్కవు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు కనిపించకపోతే వెనక్కి వచ్చేయండి, చెప్పింది సొంత బావమరిదే అయినా.

ఇప్పటికే కట్టినవాళ్లు అద్దె వస్తోంది కదా అని ఊరుకోవద్దు. రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజీలు భద్రం చేసుకోండి. రెరాకూ, పోలీసుల ఆర్థిక నేరాల విభాగానికీ ఈ వారమే ఫిర్యాదు ఇవ్వండి. చెక్కులు బౌన్సయ్యేదాకా ఆగితే జప్తు చేయడానికి బిల్డరు పేరున ఆస్తే మిగలకపోవచ్చు.