షార్ట్ సర్క్యూట్ కారణం కాదు

ఎక్కడ ఇల్లు తగలబడినా, ఎవరు కరెంటుకు బలైనా, మరునాటి వార్తలో ఒక మాట తప్పకుండా దర్శనమిస్తుంది: షార్ట్ సర్క్యూటే కారణమట. ముప్పైనాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు వాక్యాలు దిద్దినవాణ్ణి కనుక ఆ మాట చూసినప్పుడల్లా చెయ్యి ఎర్రకలం కోసం వెతుకుతుంది. షార్ట్ సర్క్యూట్ కారణం కాదు, కార్యం. మనిషి ఎందుకు పోయాడయ్యా అంటే ఊపిరి ఆగి పోయాడని చెప్పడం వంటిదది. తీగ తొడుగు ఎందుకు చిట్లింది, చిట్లిందని తెలిసి కూడా ఎవరు ఊరుకున్నారు అన్నవి కారణాలు. "కరెంటు కొట్టింది" అనే మన వాడుక కూడా ఇటువంటిదే. అందులో కర్త కరెంటు. దారి దొరికినచోటల్లా ప్రవహించడం దాని ధర్మం. ఆ దారిని మనిషి ఒంటిమీదుగా వేసిన అసలు కర్త వాక్యంలో ఎక్కడా కనిపించడు.

ఈ దోషులలో నేనూ ఒకణ్ణి. మాది మా నాన్నగారు 1974లో కట్టించిన ఇల్లు. చెక్క బద్దీల మీద తీగలు, పింగాణి ఫ్యూజులు. "ఏమండీ, పెరట్లో దండెం జివ్వుమంటోంది" అని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. తడిచేతులతో ముట్టుకుంటే అలాగే ఉంటుందని పండితోక్తి ఒకటి విసిరి ఊరుకున్నాను. శ్రావణమాసంలో ఒకనాడు తడిచీర ఆరేస్తూ ఆమె వెనక్కి విసురుగా పడిపోయింది. పెరటి దీపానికి పోయే తీగ తొడుగు ఎండకు పెళుసెక్కి, ఇనుప దండేనికి తగులుతోందట. ప్రాణం దక్కింది. ఇరుగుపొరుగులు అదృష్టమన్నారు. సిగ్గుతో నేను మాట్లాడలేకపోయాను.

వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇల్లంతా కలయజూసి, మొత్తం పీకి కొత్తగా వేయాలని, లక్షా పదివేలవుతుందని, అంతవరకు ఏం చేసినా దండగేనని తేల్చాడు. నా వాదమంతా ఈ "అంతా చేయాలి, లేదా ఏమీ చేయకూడదు" అన్న సిద్ధాంతం మీదనే. పింఛనుదారు ఈ మాట వింటే చేసేది ఒక్కటే, వాయిదా. వాయిదా వేసినంత కాలం ఇంట్లో మృత్యువు అద్దె లేకుండా కాపురముంటుంది.

నా పూర్వవిద్యార్థి ఒకడు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. కబురు పెడితే వచ్చి, "మాస్టారూ, అక్షరాలు రానివాడికి మీరు ఛందస్సు చెప్పేవారా? దీనికీ ఒక వరస ఉందండీ" అన్నాడు. ఆ వరస ఇది.

పైసా ఖర్చులేనివి మొదట. ఇనుప దండెం తీసెయ్యాలి. రేకు కూలరుకు, ఇస్త్రీపెట్టెకు మూడో పుల్ల విరగ్గొట్టి వాడడం మానాలి. బకెట్లో హీటరు కడ్డీ ఉండగా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడడం మానాలి. ఫ్యూజులో రాగితీగ మడిచి పెట్టడం మానాలి.

రెండవది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకూ తిరిగివచ్చిన కరెంటుకూ తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. మూడవది, సరైన ఎర్తు. ఈ రెండూ, పెరటి లైను తొలగింపు కలిపి మాకు ఏడువేల లోపే అయింది. నాలుగవది, గీజరుకు వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దాని ఎంసీబీ దానికి. ఆ తరువాత, పింఛను మిగిలిన నెలలలో ఒక్కొక్క గది. ఇంకా రెండు గదులున్నాయి.

ఇక పూర్వపక్షాలు. యాభై ఏళ్లుగా ఏమీ కాలేదు కదా అంటారు. 1974లో మా ఇంట నాలుగు బల్బులు, రెండు ఫ్యానులు, ఒక రేడియో. నేడు 2000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలు. తీగ ముసలిదవుతోంది, బరువు పెరుగుతోంది. గతంలో ఏమీ కాకపోవడం రేపటికి హామీ కాదు.

ఎంసీబీ ఉంది కదా అంటారు. అది తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండెను ఆపడానికి అందులో చాలా చిన్న భాగం చాలు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపించేవారున్నారు. కుక్క మొరుగుతోందని కుక్కను చంపి, దొంగను లోపలే ఉంచుకోవడమది. అయితే అదీ సర్వరోగనివారిణి కాదు. ఫేజును, న్యూట్రలును ఒకేసారి పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు. ఎర్తు ఖర్చు తప్పించుకోవడానికి సాకెట్టులో ఎర్తును న్యూట్రలుకు కలిపే పనివారిని మాత్రం గడప తొక్కనీయకండి. న్యూట్రలు ఎక్కడైనా తెగిందా, ఫ్రిజ్జు ఒళ్లంతా కరెంటే.

డబ్బు లేదంటారు. నిజంగా లేనివారికి నా నమస్కారం, వారితో నాకు వాదం లేదు. హాలులో పైకప్పుకు నగిషీలు చెక్కించి, దాని వెనుక పాత తీగలే వదిలేసినవారితో ఉంది. అద్దె ఏటా పెంచుతూ, స్విచ్చిబోర్డు నల్లబడిందంటే జాగ్రత్తగా వాడుకోమనే ఇంటి యజమానులతో ఉంది. ప్రభుత్వాలతోనూ ఉంది. తెలంగాణలో 2024లో నెలకు 200 యూనిట్లలోపు వాడే అర్హులైన ఇళ్లకు ఉచిత విద్యుత్తు మొదలైంది. దాన్ని నేను తప్పుపట్టను. కాని ఉచితంగా ఇచ్చే కరెంటుతోపాటు ఆ పేదయింటికి ఒక 30 మిల్లీ ఆంపియర్ల పరికరం, ఒక ఎర్తు గొట్టం కూడా ఇస్తే ఆ దానం సంపూర్ణమవుతుంది. ఇంటికి ఒక్కసారి ఇస్తే ఏళ్ల తరబడి పనిచేసే వస్తువులవి.

మిత్రులారా, ఇది చదివాక మీ ఇంటి మీటరు పెట్టె దగ్గరకు వెళ్లండి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టీ అన్న అక్షరమున్న మీట నొక్కి చూడండి. పడిపోకపోతే అది ఉన్నా లేనట్టే. అసలు అది లేకపోతే ఏం చేయాలో పైన రాశాను.

మా పెరట్లో ఇప్పుడు నైలాను తాడు దండెం. ఖరీదు అరవై రూపాయలు. మా ఆవిడ మొదటిసారి చెప్పిననాడే కొనగల స్థోమత నాకుంది. లేనిది డబ్బు కాదు.