కేకు మీద ఒత్తులు

కేకులు చేయడం చదువుకుంటాననే పిల్లలు ఇప్పుడు అల్లూరు లాంటి ఊళ్ళలోనూ కనబడుతున్నారు. ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, తూర్పుకు పోతే ఇసకపల్లి ఉప్పు మడులు, ఆపైన సముద్రం. ఇలాంటి చోట ఆ మాట అన్న పిల్లకు ఇంట్లో మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "దానికి చదువెందుకమ్మా? బేకరీలో చేరితే వాళ్ళే జీతమిచ్చి నేర్పుతారు గదా?" ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. మన బేకరీ మాస్టర్లలో చాలామంది ట్రేలు కడుగుతూ, మైదా జల్లిస్తూ, పెద్దమాస్టరు చెయ్యి చూసి నేర్చుకున్నవారే. అయినా ఈ విద్యకు బడులున్నాయి. పదో తరగతి పాసైతే ఐటీఐల్లో ఏడాది కోర్సు ఉంది. హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఏడాదిన్నర డిప్లొమా ఉంది. హైదరాబాదు వెళ్ళవచ్చు. నెల్లూరు జిల్లా వారికి తిరుపతి, చెన్నై ఇంకా దగ్గర.

కేకు ఈ ప్రాంతానికి నిన్నమొన్న వచ్చిందేమీ కాదు. అల్లూరుకు దగ్గరలోని బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పేరుమోసిన రైల్వే ఊరు. అక్కడి పెద్ద లోకోషెడ్డును నమ్ముకుని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బతికాయి. క్రిస్మస్ కేకు లేని ఇల్లు వారిలో అరుదు. తరువాత కాలంలో బెంగుళూరు అయ్యంగార్ బేకరీ బోర్డులు ఊరూరా వెలిశాయి. ఇప్పుడు పుట్టినరోజుకి కేకు కోయని ఇల్లు పల్లెల్లో కూడా తక్కువే. కొత్తగా వచ్చింది దాని మీది సింగారం. ఫోనులో ఒక ఫొటో చూపించి "ఇట్లాంటిదే కావాలి" అనడం మొదలయ్యాక, అలంకారం నేర్చిన చేతికి గిరాకీ పెరిగింది.

అలంకారం క్లాసు అనగానే మూడంతస్తుల పెళ్ళికేకు, చక్కెరతో చేసిన గులాబీలు కళ్ళముందు మెదులుతాయి. మొదటి వారాల్లో అవేవీ ఉండవు. అసలు కేకే ఉండదు. బోర్లించిన ట్రే, బ్యాగులో క్రీము, అంతే. ట్రే పొడవునా ఒకే వరస వేయాలి. మాస్టరు చూసి పెదవి విరుస్తారు. దాన్ని గోకి మళ్ళీ బ్యాగులోకి ఎత్తి మళ్ళీ వేయాలి. సాయంత్రం ఇంటికి ఫోను చేసి "ఈ రోజు ఏం చేశావే?" అంటే చూపించడానికి ఒక్క ఫొటో కూడా ఉండదు. బ్యాగు సగానికి మించి నింపకూడదు, అరచేతి వేడికి క్రీము కరుగుతుంది. పైభాగం మెలితిప్పి కుడిచేతిలో పట్టుకోవాలి. నొక్కే పనంతా ఆ చేతిదే, ఎడమచెయ్యి దారి మాత్రమే చూపాలి. చుక్కలు, నక్షత్రాలు పెట్టేటప్పుడు బ్యాగు కొసనున్న నాజిల్ నిటారుగా ఉండాలి. అంచు వరస వేసేటప్పుడు 45 డిగ్రీలు వంచాలి. బ్యాగు పైకెత్తే ముందే నొక్కడం ఆపాలి. ఆపకపోతే తోక లేస్తుంది. కొత్తవాళ్ళ ట్రేలన్నీ తోకలతోనే నిండి ఉంటాయి.

ముగ్గు వేసే చేతికి ఇదంతా సులువని చాలామంది అంటారు. మాకు ఆ మాట మీద అంత నమ్మకం లేదు. ముగ్గుపిండి తన బరువుకు తానే జారుతుంది, వేళ్ళు మూస్తే ఆగుతుంది. క్రీమును తోయాలి, అదీ సమంగా తోయాలి. దీనికి అసలైన చుట్టాలు వేరే ఉన్నారు: చిల్లు పెట్టిన గుడ్డలో పిండి మూటగట్టి నూనెలోకి జిలేబీ చుట్టే మిఠాయి మాస్టరు, పెళ్ళిళ్ళ సీజనులో గోరింటాకు కోనుతో అరచేతులు నింపే అమ్మాయి. గోరింటాకు కోనుకూ, చాక్లెట్ రాతకు బడిలో చుట్టించే కాగితం కోనుకూ తేడా లోపల పోసే సరుకులోనే.

బడిలో నేర్పే ఆ మొదటి వరసను షెల్ బోర్డరు అంటారు. నొక్కితే క్రీము ఉబ్బుతుంది, వదులుతూ లాగితే సన్నబడుతుంది, ఆ సన్నని కొస మీద తరువాతి గవ్వ వచ్చి కూర్చుంటుంది. సముద్రపు ఒడ్డు పిల్లకు గవ్వను చూపించి కొత్త పాఠం అంటున్నారన్నమాట! అసలు గవ్వలు మన వంటింట్లోనే ఉన్నాయి. పిండిని గోళీలంత ఉండలు చేసి, గవ్వల చెక్క మీద బొటనవేలితో ఒత్తి దొర్లిస్తే గీతలు పడి ముడుచుకుంటాయి. చెక్క లేనివాళ్ళు కొత్త దువ్వెన మీదో ఫోర్కు వీపు మీదో ఒత్తుతారు. ఆ గీతలు అందానికి మాత్రమే కాదు. నూనెలో గవ్వ లోపలిదాకా వేగేది ఆ పల్చదనం వల్లే, బెల్లం పాకం పట్టుకుని నిలిచేది ఆ గాళ్ళలోనే. కజ్జికాయ అంచు కూడా అంతే. చిటికెడు చిటికెడుగా మడిచి తాడు పేనినట్టు అల్లిన ఆ అంచు సరిగా పడకపోతే, కొబ్బరీ బెల్లమూ నూనెలోకి దిగి బాండీ అంతా మాడుతుంది. కేకు చుట్టూ వేసే గవ్వల వరస కూడా కేకుకూ అట్టకూ మధ్యనున్న సందు కప్పుతుంది. ఈ సంగతి మనసుకు పట్టిన విద్యార్థి, ఎక్కడ సింగారం కావాలో ఎక్కడ అక్కర్లేదో ఒకరు చెప్పకుండానే తెలుసుకుంటాడు. పట్టనివాడు ఖాళీ కనిపించిన చోటల్లా పువ్వు పెడతాడు. కేకు మీద పరిచే చక్కెర పొర ఫాండెంట్ సంగతి చూడండి. ఫొటోలో దానంత నున్నగా మరొకటి ఉండదు. పార్టీ అయ్యాక పిల్లల ప్లేట్లలో అంచున మిగిలిపోయేదీ అదే.

ఈ విద్యకు పాఠ్యక్రమం రాసినవారు చల్లని దేశాలవారు. చికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ 1929లో కేకు అలంకారం పాఠాలు మొదలుపెట్టాడు. గీత మీద గీత, ఎండిన ఐసింగు మీద మళ్ళీ ఐసింగు పేర్చే ఇంగ్లీషు పద్ధతిని జోసెఫ్ లాంబెత్ 1934లో పుస్తకంగా వేశాడు. అంతకు శతాబ్దం ముందు, 1833లో కన్నుమూసిన అంతొనిన్ కరేమ్‌ది ఇంకా విచిత్రమైన చదువు. పారిస్‌లో పేదింట పుట్టి మిఠాయి దుకాణంలో పనికి కుదిరినవాడు, తీరిక దొరికినప్పుడు జాతీయ గ్రంథాలయానికి పోయి కోటల బొమ్మలూ గుడుల బొమ్మలూ చూసి గీసుకునేవాడు. వాటినే చక్కెరతో, బాదం ముద్దతో కట్టి దుకాణం కిటికీలో నిలబెట్టేవాడు. అతని ముందు ఫోను లేదు గనుక ఇతరుల కేకును నకలు కొట్టే అవకాశం లేకపోయింది. మన పిల్లలకు వెంకటగిరి చీర అంచులున్నాయి, ఉదయగిరి కొయ్య చెంచాల పిడుల మీది చెక్కడాలున్నాయి. అవి క్రీములోకి ఎందుకు దిగకూడదో మాకు అర్థం కాదు.

చల్లని దేశపు పాఠం మన ఎండలో ఏమవుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. డార్క్ చాక్లెట్‌ను మెరిసేలా పోతపోయాలంటే 45 దాకా కరిగించి, 27కు దించి, 31, 32 దగ్గర పట్టుకుని పనిచేయాలి. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా పగటి వేడి 40 దాటుతుంది. మిట్టమధ్యాహ్నం గది వేడే చాక్లెట్ పని వేడిని మించిపోతుందన్నమాట. పోనీ ఎండ తగ్గాక చేద్దామంటే ఈశాన్య రుతుపవనాల ముసురు మొదలవుతుంది. సాగదీసిన చక్కెరతో చేసిన పువ్వులు గాలిలోని తేమను పీల్చి జిగురెక్కుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫాండెంట్‌కు చెమటలు పడతాయి. అందుకే మన బేకరీల్లో ఎక్కువచోట్ల వాడేది పాల క్రీము కాదు, గట్టిపరచిన నూనెలతో చేసిన టాపింగ్. అది ఎండకు నిలుస్తుంది, గవ్వ గవ్వలాగే ఉంటుంది. తిన్నాక అంగిట్లో ఒక పొర అంటుకుని అదీ నిలుస్తుంది! రుచికీ నిలకడకూ మధ్య జరిగే ఈ బేరమే మన దగ్గర అలంకారం చదువులో సగం. ఏసీ గదిలో నేర్చుకున్న పిల్ల ఊరికి వచ్చి, కావలిలో చేసిన కేకును మోటారుసైకిలు మీద ఒళ్ళో పెట్టుకుని అల్లూరు చేర్చే మనిషి గురించి ఆలోచించడం మొదలుపెట్టిన రోజున ఆమెకు పని వచ్చినట్టు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో. దానితో పనిచేసే విధానం మాత్రం ఇంకా పరాయి వాతావరణానిదే.

పాకం విషయంలో మనం ఎవరికీ తీసిపోం. ఇటాలియన్ బటర్‌క్రీముకు చక్కెర పాకాన్ని 118 డిగ్రీల దగ్గర దించమని బడిలో థర్మామీటరు ఇస్తారు. నీళ్ళ పళ్ళెంలో ఒక చుక్క వేసి, వేలితో దగ్గరికి తీసి, ఉండ కట్టిందో లేదో చూసే అవ్వ చేరేదీ అక్కడికే. పెళ్ళి సారెలో పెట్టే పంచదార చిలకలు అచ్చమైన చక్కెర శిల్పాలు. కొయ్య అచ్చులను నీళ్ళలో నానబెట్టి, రెండు చెక్కలూ కలిపి కట్టి, ముదిరిన పాకం పోసి, గట్టిపడ్డాక విప్పితే చిలక బయటికి వస్తుంది. ఇప్పుడు ఆ అచ్చులు ఎన్ని ఇళ్ళలో అటకల మీద ఉన్నాయో, ఎన్ని పొయ్యిలోకి పోయాయో!

ఇక రాత. మన బేకరీల్లో అమ్ముడయ్యే అలంకారాల్లో పువ్వుల కంటే గవ్వల కంటే ఎక్కువగా అడిగేది పేరు. చీటీ మీద పేరు రాసిస్తారు, లోపల మాస్టరు కోనుతో అది చూసి రాస్తాడు. ఆ చీటీ దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. బడిలో నేర్పేదీ ఇంగ్లీషు కలిపిరాతే. పలక నిండా అదే వాక్యం, పొద్దున్నించి సాయంత్రం దాకా. తెలుగు రాయమంటే మాస్టరు నవ్వి, "ఒత్తులు కుదరవండీ, చోటు చాలదు" అంటాడు.

చోటు చాలదన్నది నిజం కాదు. హ్యాపీ బర్త్‌డే అని ఇంగ్లీషులో రాయడానికి 13 అక్షరాలు కావాలి. జన్మదిన శుభాకాంక్షలు అనే మాటకు తెలుగు లెక్కన 9 చాలు. చిక్కు నిజానికి వెడల్పులో లేదు, ఎత్తులో ఉంది. కృష్ణ అని రాయాలంటే కకారం కింద వట్రుసుడి, షకారం కింద ణ ఒత్తు. లక్ష్మి అయితే ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఇంగ్లీషుకు గీసుకున్నట్టు నట్టనడుమ గీత ఊహించుకుని మొదలుపెడితే ఒత్తులు అంచు పువ్వుల్లోకి పోయి పడతాయి. గీతను పైకి జరిపి, అక్షరం చిన్నదిగా రాసి, కింద దాదాపు అంతే చోటు వదలాలి. తలకట్టు చివర పెట్టుకోవాలి. ముందే పెడితే గుడి వచ్చిపడినప్పుడు క్రీము మీద క్రీము పడి ముద్దవుతుంది. ఇవన్నీ రెండు పూటల్లో చెప్పగలిగిన సంగతులు. చెప్పేవారే లేరు.

నిజానికి కోనుతో రాయడానికి తెలుగుకన్నా అనువైన లిపి దొరకడం కష్టం. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. క్రీముకూ మూలలు గిట్టవు. మూల దగ్గర చెయ్యి ఆగాలి, ఆగిన చోట లావెక్కుతుంది లేదా తెగుతుంది. కోను కొసను కేకుకు తాకించకుండా కొంచెం ఎత్తులో పట్టుకుని దారంలా జారవిడిస్తే, వంపు దానంతటదే పడుతుంది. ల, ం లాంటి అక్షరాలు చెయ్యి ఎత్తకుండా ఒక్క తీగతో అయిపోతాయి. నెలల తరబడి గుండ్రాలు, సుడులు, గవ్వలు సాధన చేసిన చేతికి ఇంగ్లీషు కలిపిరాతే రాయించి, తన సొంత పేరు తన భాషలో రాయడం చేతకాదని చెప్పించడం చదువు చేసే పని కాదు.

ఐటీఐలకూ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలకూ ఒక విన్నపం. అలంకారం పరీక్షలో తెలుగు రాతను ఒక అంశంగా పెట్టండి. కనీసం ఒత్తున్న పేరు ఒకటి, గుణింతాలతో నిండిన శుభాకాంక్ష ఒకటి. గవ్వల చెక్క, చిలకల అచ్చు నాజిళ్ళ పెట్టెలోకి చేర్చండి. మే నెల మధ్యాహ్నం ఒక పూట ఏసీ కట్టేసి క్లాసు తీసుకోండి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

ఆ పిల్లలు రేపు ఊరికొచ్చి దుకాణం తెరిచినా, అడిగేవారు లేకపోతే నేర్చిన రాత నెలలోనే మరచిపోతారు. ఈసారి ఇంట్లో పుట్టినరోజుకు కేకు చెప్పేటప్పుడు చీటీ మీద పేరు తెలుగులో రాసివ్వండి. మాస్టరు తడబడితే పది నిమిషాలు కూర్చోండి. మొదటిసారి ఒత్తు కాస్త వంకర పోయినా డబ్బు తగ్గించమని అడగకండి.