పొదుపు పెట్టె: మూడు రూపాయల షేరు చౌకేనా?

పోయిన వారం మా పక్కింటి చెల్లెలు సంతోషంగా వచ్చింది. చిట్టీ ఎత్తితే ముప్పయి వేలు చేతికొచ్చాయట. "అక్కా, మూడు రూపాయలకే ఒక షేరు దొరుకుతున్నదట. మొత్తం పెడితే పదివేల షేర్లు వస్తయి! అదే పెద్ద కంపెనీవైతే పది కూడ రావు" అంది. ఆ పైసలు బిడ్డ ఇంటర్ ఫీజు కోసం దాచినవని నాకు తెలుసు. అందుకే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి లెక్క చెప్పాను.

షేరు ధర తక్కువైతే కంపెనీ చౌక అనుకోవడం పొరపాటు. ఒక కంపెనీ షేరు మూడు రూపాయలు, అలాంటివి వంద కోట్ల షేర్లు ఉన్నాయనుకోండి. దాని మొత్తం విలువ 300 కోట్లు. ఇంకొకదాని షేరు 300 రూపాయలు, కానీ ఉన్నవి 50 లక్షలే. దాని విలువ 150 కోట్లు. ఏది చిన్న కంపెనీ? 300 రూపాయలదే! పుచ్చకాయను ఎన్ని ముక్కలు కోసినా కాయ ఒక్కటే కదా. సెబీ కూడా 2017లో కంపెనీలను ఈ మొత్తం విలువను బట్టే వర్గాలు చేసింది. మొదటి వంద పెద్దవి, 101 నుంచి 250 వరకు మధ్యరకం, ఆ తర్వాతివి చిన్నవి.

చిన్నవన్నీ చెడ్డవని కాదు. మన పక్కనున్న కొత్తూరులో ఫ్యాక్టరీ ఉన్న నాట్కో ఫార్మా 1981లో చిన్నగా మొదలైనదే. క్యాన్సర్ మందులతో పేరు తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టింది. పెరిగే కంపెనీ మామిడి మొక్క లాంటిది, పెద్ద కంపెనీ కాపుకొచ్చిన చెట్టు. నాటిన మొక్కలన్నీ బతకవని రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పాలా?

నేనూ ఆ దెబ్బ తిన్నదాన్నే. 2021లో ఫోన్‌కు వచ్చిన ఒక మెసేజి నమ్మి, ఎనిమిది రూపాయల చొప్పున వెయ్యి షేర్లు కొన్నాను. పదకొండు దాకా పోయింది. అమ్ముదామనుకునేసరికి రోజూ ఐదు శాతం పడడం, కొనేవాళ్లు ఒక్కరూ లేకపోవడం! పెద్ద కంపెనీ షేరైతే నష్టానికైనా ఆ రోజే అమ్ముకోవచ్చు. చిన్నవాటిలో తలుపే మూసుకుపోతుంది. మావారికి చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది.

అలాగని పెద్ద పేరు చూసి కళ్లు మూసుకోకూడదు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెద్ద కంపెనీయే. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని దాని ఛైర్మనే ఒప్పుకున్నాడు. సుమారు 179 రూపాయల షేరు ఒక్కరోజులో 40కి పడింది. అంతకు కొద్ది వారాల ముందే, 2008 డిసెంబరులో, కంపెనీ డబ్బుతో సొంత కుటుంబానికి చెందిన కంపెనీలను కొనబోతే గొడవైంది. ఆ సంకేతం గమనించినవాళ్లు బయటపడ్డారు.

కాబట్టి చిన్నదైనా, పెద్దదైనా కొనేముందు ఇవి చూడండి. ఐదేళ్లుగా లాభం వస్తున్నదా? అప్పు తగ్గుతున్నదా, పెరుగుతున్నదా? యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా? రోజూ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఉన్నారా? ఇవన్నీ స్టాక్ ఎక్స్ఛేంజి వాళ్లే ఉచితంగా చూపిస్తారు.

నా పద్ధతి ఇది. ఏడాది, రెండేళ్లలో కావలసిన డబ్బు షేర్లలో పెట్టను. మిగిలినదాంట్లో పది రూపాయలకు ఎనిమిది పెద్ద కంపెనీలకు, లేదా వాటన్నిటినీ కలిపి కొనే నిఫ్టీ ఫండ్‌కు. రెండు రూపాయలే చిన్నవాటికి. అవి పోయినా పొయ్యి ఆగకూడదు.

చెల్లెలు ఫీజు డబ్బు బ్యాంకులో వేసింది. "మరి ఆ మూడు రూపాయలది?" అని అడిగితే, "ఆ కంపెనీ ఏం తయారు చేస్తదో అడిగిన అక్కా. మెసేజి పంపినాయనకే తెల్వదంట!" అని నవ్వింది.