భీముడి వేలిముద్ర

బేతంచెర్ల నాపరాళ్ల మీద పొర్లాడి పెరిగినోళ్లం. ఎండాకాలం మధ్యాహ్నం చొక్కా విప్పి ఆ బండ మీద పడుకుంటే ఆ సుఖమే వేరు. ఆ బండా సున్నపురాయే. అదే జాతి రాయి ఒకప్పుడు పారిస్‌లో గ్రీకు వీరులను నవ్వులపాలు చేసిందంటే నమ్ముతారా?

బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన 1796 ప్రాంతంలో రాతి అచ్చు కనిపెట్టాడు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు బలపంతో బొమ్మ గీసి, రాయి తడిపి సిరా పూస్తే గీత ఉన్నచోటే అంటుకుంటుంది. నూనెకూ నీళ్లకూ పడదు కదా, అదే కిటుకు. (మన బండ కంటే ఆ రాయి బాగా నున్నన లెండి.)

దోమియే అనే చిత్రకారుడు ఆ రాళ్ల మీదే గీసేవాడు. రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసి 1832లో జైలుకు పోయాడు. 1835లో రాజకీయ బొమ్మల మీద సెన్సారు పడింది. అప్పుడాయన 1841 చివర్లో పురాణాల మీద పడ్డాడు. ‘ప్రాచీన చరిత్ర’ పేరుతో 50 బొమ్మలు. ట్రాయ్ గెలిచిన మెనెలాస్ బొజ్జేసుకుని ఠీవిగా నడుస్తుంటే, పక్కనున్న హెలెన్ ముక్కు మీద వేలు పెట్టి వెక్కిరిస్తుంటుంది. అందగాడు నార్సిసస్ ఎముకల గూడు! ఇవి చూసి ఒక కవికి ఒళ్లు మండిందనీ, అపచారం అన్నాడనీ బోదలేర్ రాశాడు. బోదలేర్‌కు మాత్రం తెగ నచ్చాయి.

మనకిది కొత్తా? తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి నానా కూతలు కూసేవాళ్లు. మా అవ్వ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మళ్లీ రాముడు రాగానే దండం పెట్టేది.

మొన్న మాకు తెలిసిన పిల్లోడు కాలేజీ గోడపత్రికలో ఒక బొమ్మ వేశాడు. రేషన్ షాపు ముందు భీముడు. గద పట్టి పట్టి వేలిముద్రలు అరిగిపోయినాయి, మిషను ఒప్పుకోవడం లేదు. ‘సామీ, ఇంట్లో ఐదుగురం’ అని బతిమాలుతున్నాడు. సాయంత్రానికి దాన్ని ఎవరో చించేశారు. దేవుళ్లతో ఆటలా అన్నారంట.

ఆ పిల్లోడి నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. ఆయన బొటనవేలు నేను చూసినాను. అద్దం మాదిరి ఉంది. మిషను మూడుసార్లు వద్దంటే, నాలుగోసారికి వేరే వేలు పెడతాడు.

పిల్లోడిప్పుడు ఇంటి ముందు బండ మీద సుద్దముక్కతో గీస్తున్నాడు. పొద్దున్నే వాళ్లమ్మ కళ్లాపి చల్లేదాకా ఉంటుంది బొమ్మ.