పదకొండు ప్రదక్షిణలు తిరగలేని వాళ్లు

చిల్కూరు బాలాజీకి మొక్కుకునేవాళ్లు పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరితే నూట ఎనిమిది. శని, ఆదివారాల్లో వీసాల కోసం వచ్చే పిల్లలు దాదాపు పరుగే తీస్తారు. ఏఎన్‌ఎంగా మొయినాబాద్, చేవెళ్ల పల్లెలు తిరిగి రిటైరైన దాన్ని కదా, నా కన్ను మూడో చుట్టుకే పక్కకు జరిగి కూలబడే పెద్దవాళ్ల మీదికి పోతుంది. పలకరిస్తే అందరిదీ ఒకటే మాట: "వయసు మీద పడ్డది బిడ్డా, దమ్మొస్తది."

వయసు ఒక్కటే అయితే పక్కనున్న ఈడువాళ్లంతా ఎట్లా నడుస్తున్నారు? చదును నేల మీద తోటివాళ్లతో సమానంగా నడవలేక మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి రావడం డాక్టర్లు ఆయాసాన్ని అంచనా వేసే మెట్లలో ఒకటి. ఆ ఆయాసం వెనక సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉండొచ్చు. గుండె జబ్బో, రక్తహీనతో కూడా కావచ్చు. ఏదన్నది పరీక్ష చేస్తేనే తేలుతుంది. సీఓపీడీలో ఊపిరిగొట్టాలు ఇరుకైపోతాయి, ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు దెబ్బతింటాయి. పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు.

2016 నాటికి మన దేశంలో ఈ జబ్బున్నవాళ్లు సుమారు 5.5 కోట్లని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో 2018లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. 1990లో వాళ్లు 2.8 కోట్లే. జబ్బు భారంలో పొగాకు వాటా నాలుగో వంతు. ఇంట్లో పొయ్యి పొగను కూడా కలుపుకుంటే గాలి కాలుష్యం వాటా సగానికి పైనే. ఇది బీడీ తాగే మగవాళ్ల జబ్బని ఇంకా అనేవాళ్లు ఈ లెక్క చూడాలి.

పట్నం నుంచి వచ్చేవాళ్లు మా గాలిని మెచ్చుకుంటారు. ఒకవైపు గండిపేట, ఇంకోవైపు మృగవని జింకలు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో జీవో 111 తెచ్చారు. ఆ కట్టడి మమ్మల్ని ఫ్యాక్టరీ పొగ నుంచి కాపాడింది. వంటింటి పొగకు ఏ జీవో ఉంది? కిటికీ లేని రేకుల వంటిల్లు, పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు, వానాకాలంలో తడిసిన చెట్టు మొద్దులు. అంటుకోని కట్టె ముందు వంగి గొట్టంతో ఊదీ ఊదీ, ఊదిన ప్రతిసారీ ఆ పొగే లోపలికి పీల్చుకున్న ఆడవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. వాళ్లలో బీడీ ముట్టినవాళ్లు నాకు తెలిసి బహు తక్కువ.

గ్యాస్ రాలేదా అంటారు. వచ్చింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024 ఫిబ్రవరిలో ఐదు వందల రూపాయల సిలిండర్. అవి మంచి పథకాలే, కోడళ్ల ఊపిరితిత్తులను కాపాడతాయి. అత్తలకు జరిగింది ముందే జరిగిపోయింది. పైగా స్నానానికి నీళ్లు కాగేది ఇప్పటికీ వాకిట్లో కట్టెల మీదే.

ఈ జబ్బు ఎక్కడ జారిపోతుందో చెప్తాను. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్షకు పంపిస్తాం. టీబీ లేదని కాగితం వస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు, దగ్గే ముసలమ్మ తప్ప. ఆమె ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటుంది, నాలుగు రోజులు నయంగా ఉంటుంది, చలికాలం మళ్లీ మొదలు. మందు పీల్చే పంపు (ఇన్‌హేలర్) వాడమంటే భయం. "ఒకసారి పట్టుకుంటే ఇడవదట గదమ్మా" అంటారు. బీపీ గోళీ జీవితాంతం మింగేవాళ్లే ఈ మాట అంటారు!

ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే ఫారంలో వంట దేని మీద చేస్తారనే ప్రశ్న ఉంది, ఆయాసం గురించీ ఉంది. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలోకి సీఓపీడీని కూడా చేర్చారు. కాగితం మీద అంతా ఉంది. జబ్బును తేల్చే స్పైరోమీటర్‌ను మాత్రం నేను పనిచేసిన ఏ పీహెచ్‌సీలోనూ చూడలేదు. నిండా గాలి పీల్చి అందులోకి కనీసం ఆరు సెకన్లు బలంగా ఊదాలి. మందు పీల్పించాక కూడా మొత్తం గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చేది 70 శాతం కన్నా తక్కువుంటే గొట్టాలు ఇరుకైనట్టు లెక్క.

ముసలివాళ్లు సరిగ్గా ఊదలేరు, లెక్క తప్పొస్తుందని అంటారు. నిజమే, పక్కన నిలబడి "ఇంకా, ఇంకా" అని ఊదించేవాళ్లుండాలి. ఆ పని నేర్చుకున్న మనిషిని చేవెళ్ల సర్కారు దవాఖానలో వారానికి ఒక రోజు కూర్చోబెట్టాలి. పంపులు బీపీ గోళీల్లాగే ప్రతి నెలా దొరకాలి. ముందుగా పిలవాల్సింది ఎవరినో కొత్తగా వెతకక్కర్లేదు. వంట కట్టెల మీదని చెప్పినవాళ్ల పేర్లన్నీ ఆశాల ఫారాల్లోనే ఉన్నాయి.