కరెంటు స్తంభానికి దండెమా?

మీ ఇంటి గుర్తు ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? "సందు మలుపులో కరెంటు స్తంభం ఉంటుంది, దాని పక్క ఇల్లే" అంటారు కదూ! ఆ స్తంభం అడ్రసుకే కాదు, ఎన్నిటికి అక్కరకొస్తోందో చూడండి. సాయంత్రమైతే మిర్చిబజ్జీల బండి ఆగేది ఆ లైటు కిందే. పూలమ్మాయి మూర వేసేదీ అక్కడే. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' బోర్డు, ట్యూషన్ల కాగితం, చవితి పందిరి తాడు - అన్నిటికీ అదే ఆధారం. బెంగుళూరు వీధుల్లో 1905లో కరెంటు దీపాలు వెలిగాయి. అప్పట్నించీ ఎన్ని ఊళ్ళలో ఎన్ని స్తంభాలు ఇలా ఊడిగం చేస్తున్నాయో!

అంతవరకూ బాగానే ఉంది. ఎదురుగా ఉంది కదా అని కిటికీ ఊచ నుంచి ఆ స్తంభానికి ఇనుప తీగ లాగి బట్టలు ఆరేస్తున్నారా? అయితే ఇవాళే విప్పేయండి.

ఎందుకంటారా? స్తంభం మీంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు గాలికి ఊగి, ఒరుసుకుని, పై తొడుగు ఊడిపోతుంది. అది దండేనికి తగిలిందంటే 230 వోల్టుల కరెంటు తీగలోకి వచ్చేస్తుంది. మన చేతిలో తడి బట్టలు, కాళ్ళ కింద తడి నేల. ఇంకేం కావాలి? సిమెంటు స్తంభమే కదా అని ధీమా వద్దు. అందులోనూ ఇనుప ఊచలుంటాయి, పక్కనే ఎర్త్ తీగ దిగుతుంది.

ఈ జాగ్రత్తలు ఇంటిల్లిపాదికీ చెప్పండి:

* దండెం ఇంటి ఆవరణలోనే, వైర్లకు దూరంగా, నైలాన్ తాడుతో కట్టుకోండి.

* గేదెనూ మేకనూ స్తంభానికి గానీ, దాన్ని పట్టి ఉంచే స్టే వైరుకు గానీ కట్టకండి.

* దాగుడుమూతల్లో స్తంభానికి మొహం ఆనించి అంకెలు లెక్కపెట్టడం పిల్లలకు సరదా. వానాకాలంలో అసలు ముట్టుకోనివ్వకండి.

* ఎవరికైనా షాక్ కొడితే కంగారులో చేత్తో లాగకండి. ఇంటి కరెంటైతే ముందు మెయిన్ ఆపండి. వీధి తీగైతే దూరంగా ఉండి, 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. అంబులెన్సుకు 108.

మరో మాట. స్తంభం మీద రాసిన నంబరును వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. తీగ వేలాడుతుంటే విద్యుత్ ఆఫీసుకు, లైటు వెలగకపోతే మునిసిపాలిటీకో పంచాయితీకో ఆ నంబరు చెబితే మనిషి నేరుగా అక్కడికే వస్తాడు. ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక వచ్చే ఆడపిల్లకు ఆ దీపమే కదా ధైర్యం! వీధిలో నలుగురు ఆడవాళ్ళూ కలిసి చెబితే పని ఇంకా త్వరగా అవుతుంది.

ఈ పత్రిక పక్కనపెట్టి, ఒక్కసారి వీధిలోకి వెళ్ళి చూసి రండి. మీ స్తంభానికి ఏమేం కట్టి ఉన్నాయో!