ఇసుక తిన్నె ఎవరి ఇల్లు?

తాబేలు నీటిలో బతుకుతుందని చిన్నప్పుడే చదువుకున్నాం. అది నీటిలో పుట్టదన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. నదిలో తిరిగే తల్లి తాబేలు గుడ్లు పెట్టాలంటే ఒడ్డెక్కాల్సిందే. వెనక కాళ్లతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, పైన కప్పేసి మళ్లీ నీళ్లలోకి పోతుంది. ఆ తర్వాత వారాల తరబడి ఆ గుడ్లను పొదిగేది ఆ నేల వెచ్చదనమే. గోదావరి, కృష్ణల వెంట నేడు తరిగిపోతున్నది ఆ నేలే.

మన నదుల్లో లీత్ మెత్తడిప్ప తాబేలు అనే జాతి ఉంది. భారత ద్వీపకల్పంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఇదొకటని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ సమావేశంలో మన దేశమే ప్రతిపాదించి, దీని అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం తెచ్చింది. మాంసం కోసం వేటాడటం ఈ పతనానికి పెద్ద కారణం. వేటను చట్టంతో ఆపవచ్చు. కానీ గుడ్లు పెట్టే చోటే లేకపోతే ఏ చట్టం కాపాడుతుంది?

రీచ్‌లో ప్రొక్లెయిన్ దిగితే గుడ్లు ఇసుకతో పాటే లారీ ఎక్కుతాయి. తవ్వని చోట కూడా ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఇసుక గట్టిపడుతుంది. పిల్లలు పైకి రాలేక లోపలే చస్తాయి. ఆనకట్టలు ఎగువన తిన్నెలను ముంచుతాయి, దిగువకు కొత్త ఇసుక రానివ్వవు. ఒక్కసారిగా గేట్లు ఎత్తితే మిగిలిన గూళ్లూ మునుగుతాయి. నీట మునిగిన గుడ్డు ఊపిరాడక పాడైపోతుంది.

తాబేలు దీర్ఘాయుష్షు కలది. అందుకే ఈ నష్టం వెంటనే కంటికి కనిపించదు. పెద్ద తాబేలు ఒకటి వలలో పడితే "ఇంకా ఉన్నాయిలే" అనుకుంటాం. దాని వెనక పిల్లతరం ఉందా అని అడగం. పిల్లలు లేని ఊళ్లో ముసలివాళ్లు మాత్రమే మిగిలినట్టు, ఆ నది అప్పటికే సగం ఖాళీ అయినట్టే.

"పేదవాడికి ఇల్లు కావాలి, తాబేలు కోసం ఇసుక ఆపుతారా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన హాస్టల్ గోడల్లో ఉన్నదీ నది ఇసుకే. మనలో ఎందరి ఇళ్లల్లోనో తట్టతో ఇసుక ఎత్తిన చేతులున్నాయి. మేం ఇసుకే వద్దనడం లేదు. తట్టా పారా చేతబట్టిన కూలీకి పని లేకుండా చేసింది తాబేలు కాదు, యంత్రం. కూలీ పొట్టనూ తాబేలు గూటినీ కొట్టింది ఆ ఒక్క యంత్రమే అయినప్పుడు, ఈ రెంటికీ పోటీ పెట్టడం అన్యాయం.

దారి లేక కాదు. చంబల్ నదిలో ఎర్రతల తాబేలు ఇలాగే చివరి అంచుకు చేరింది. అక్కడ ఒడ్డు గ్రామాలవారికే కూలి ఇచ్చి గూళ్లకు కాపలా పెట్టారు. పిల్లలను నదిలోకి వదులుతున్నారు. దొంగ తవ్వకాల బెడద అక్కడా పోలేదు. అయినా ఆ జాతి ఇంకా బతికి ఉంది.

మనమూ చేయగలిగింది ఒకటుంది. 2016 జనవరి నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇసుక తవ్వకాలకు ముందు జిల్లా సర్వే నివేదిక తయారు కావాలి. దాని ముసాయిదాను కలెక్టరేట్‌లోనూ, జిల్లా వెబ్‌సైట్‌లోనూ 21 రోజులు ప్రజల ముందుంచాలి. ఆ నివేదికలో ఎన్ని టన్నుల ఇసుక ఉందో రాస్తారు. ఏ తిన్నె మీద తాబేలు గుడ్లు పెడుతుందో కూడా రాయించాలి. అలాంటి తిన్నెలను గుడ్లు పొదిగే నెలల్లో ఎవరూ ముట్టకూడదు. ఆ చోట్లు తెలిసినవారు ఆఫీసుల్లో లేరు. మన ఊళ్లల్లో చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు, పశువులు కాసేవారు. వారిని అడిగి, రాసి, అభ్యంతరం పంపడానికి మన చదువు చాలు.

1927లో మహద్ చెరువు నీటిని తాకి, నీరు ఏ కొందరి సొత్తూ కాదని బాబాసాహెబ్ చాటారు. ఆ పోరాటానికి వారసులం మనం. నది ఒడ్డు కూడా కాంట్రాక్టర్ల సొత్తు కాదని చెప్పాల్సింది మనమే. సెలవులకు ఊరెళ్లే మిత్రులారా, ఈసారి పెద్దలను అడగండి: మన రేవులో తాబేలు ఎక్కడ గుడ్లు పెట్టేది? ఇప్పుడు అక్కడ ఏముంది?